నల్లరేగడి మడుగులో పుట్టి నాలుగైదు నెలల్లో ముసలయ్యే చేప

సభకు నమస్కారం. సాయంత్రం పనులు పక్కన పెట్టి వచ్చిన పెద్దలకు, పరీక్షలు దగ్గర పడుతున్నా వచ్చిన విద్యార్థులకు ధన్యవాదాలు.

ఈ రోజు నేను ఒక చేప గురించి మాట్లాడతాను. పొడవు ఐదారు సెంటీమీటర్లు. టర్కాయిస్ కిల్లీఫిష్ అంటారు, శాస్త్రీయ నామం నోతోబ్రాంకియస్ ఫర్జెరి. ఆఫ్రికాలో జింబాబ్వే ఆగ్నేయ మూలన, దాన్ని ఆనుకుని ఉన్న మొజాంబిక్ ప్రాంతంలో, వానలు పడినప్పుడు మాత్రమే నిండే మడుగుల్లో ఉంటుంది. ప్రయోగశాలలో తరతరాలుగా పెంచుతున్న వెన్నెముక జంతువుల్లో ఇంత తక్కువ ఆయుష్షు ఉన్నది ఇంకోటి లేదు. గుడ్డులోంచి బయటికొచ్చిన నాలుగైదు నెలలకే దానికి ముసలితనం వచ్చేస్తుంది. ముసలితనం అనే మాట ఊరికే వాడటం లేదు, కాసేపట్లో వివరంగా చెబుతాను.

ముందు అది పుట్టే చోటు చూద్దాం. ఈ చేప అన్ని మడుగుల్లోనూ ఉండదు. అడుగున ఒక రకం బంకమట్టి ఉన్న మడుగుల్లోనే ఉంటుంది. నేలల శాస్త్రంలో ఆ నేలల్ని వర్టిసాల్స్ అంటారు. మన పత్తి రైతులకు బాగా తెలిసిన నల్లరేగడి కూడా ఆ వర్గానిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పైన పగిలినా లోపల ఎంతో కొంత పదును నిలబెట్టుకుంటుంది. అక్కడ మన క్యాలెండర్ ప్రకారం నవంబరు ప్రాంతంలో వానలు మొదలవుతాయి. మడుగు కొన్ని వారాలో, మహా అయితే కొన్ని నెలలో ఉంటుంది. తర్వాత పూర్తిగా ఎండిపోతుంది. ఏనుగులు, అడవి దున్నలు నీళ్లు తాగి వెళ్లిన చోట పగుళ్లిచ్చిన మట్టి తప్ప ఏమీ మిగలదు. పెద్ద చేప ఒక్కటీ బతకదు. మళ్లీ వానాకాలం వస్తే మాత్రం అదే మడుగులో చేపలుంటాయి.

ఎలాగంటే, ఆడ చేప రోజూ గుడ్లు పెడుతుంది. గుంపుగా కాదు, ఒక్కొక్కటే. మగ చేప తన పెద్ద వెన్ను రెక్కను ఆడ చేప మీద కప్పి, రెండూ కలిసి ఒళ్లు వంచి అడుగు మట్టిలోకి ఒరుగుతాయి. మిల్లీమీటరు పైచిలుకు గుడ్డు ఒకటి ఆ మట్టిలో పడుతుంది. గుడ్డు చుట్టూ గట్టి పొర. మడుగు ఎండినా ఆ పొరలో పిండం సజీవంగా ఉంటుంది.

ఆ పిండం చేసే పని నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తూనే ఉంటుంది. అది ఎదుగుతూ ఎదుగుతూ ఒకచోట ఆగిపోతుంది. దీన్ని డయాపాజ్ అంటారు, మనం విరామ దశ అనుకుందాం. ఇలా ఆగగలిగిన దశలు మొత్తం మూడు. ముఖ్యమైనది రెండోది. అప్పటికి పిండంలో కళ్ల మొదళ్లు, మెదడు రూపు, సన్నని గొట్టం లాంటి గుండె ఏర్పడి ఉంటాయి. అంత తయారైన శరీరం, జీవక్రియను దాదాపు సున్నాకు తగ్గించుకుని, నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. కొన్ని గుడ్లు ఏడాది దాటినా చెడిపోవు. అన్ని గుడ్లూ ఒకేసారి ఆగవు, ఒకేసారి మేల్కోవు. కొన్ని విరామం తీసుకోకుండానే ఎదిగిపోతాయి, కొన్ని మొదటి వానకు లేవవు. ముందుగా ఒక వాన పడి, మడుగు నిండినట్టే నిండి, వారానికే ఎండిపోయిందనుకోండి. ఆ వానకు లేచినవన్నీ చస్తాయి. లేవనివి వంశం నిలబెడతాయి.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆన్ బ్రూనే బృందం 2020లో ఈ విరామం మీద ఒక ముఖ్యమైన పని ప్రచురించింది. పిండం విరామంలో గడిపిన కాలానికి తర్వాతి జీవితంలో ఏమైనా మూల్యం చెల్లించాలా అని చూశారు. ఎదిగిన చేప పూర్తి ఆయుష్షు కంటే ఎక్కువ కాలం గుడ్డులో ఆగి ఉన్న పిండాలు కూడా, బయటికొచ్చాక మిగతావాటిలాగే పెరిగాయి, అలాగే పిల్లల్ని కన్నాయి, అంతే కాలం బతికాయి. ఆ నెలలు వాటి వయసులో కలవలేదు. కండరాన్ని ఆ కాలమంతా చెడిపోకుండా ఉంచడానికి సీబీఎక్స్7 అనే ప్రొటీన్ కావాలని కూడా వాళ్లు తేల్చారు. జన్యువుల్లో వేటిని నడపాలో వేటిని మూసి ఉంచాలో చూసుకునే ప్రొటీన్ల కుటుంబానికి చెందినదది.

ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంది. ఒకే చేప, ఒకే జన్యు సంపద. గుడ్డులో ఉన్నప్పుడు కాలాన్ని దగ్గరికి రానివ్వదు. నీళ్లలో పడ్డాక ఆరు నెలలు కూడా ఆగలేదు. శరీరాన్ని కాపాడుకునే విద్య దానికి తెలియక కాదు. మరి పెద్దయ్యాక ఎందుకు వాడదు?

నీళ్లలో పడ్డాక దాని వేగం చూడండి. చెక్ శాస్త్రవేత్త మార్టిన్ రీషార్డ్ బృందం మొజాంబిక్ మడుగుల్లో ఏళ్ల తరబడి ఈ చేపల్ని పట్టి చూసింది. చేప వయసు లెక్కపెట్టడానికి చెవి లోపల ఉండే చిన్న సున్నపు రాయి పనికొస్తుంది. దాని మీద రోజుకో వలయం ఏర్పడుతుంది. అలా లెక్కపెడితే తేలిందేమిటంటే, గుడ్డులోంచి వచ్చిన 14, 15 రోజులకే కొన్ని చేపలు గుడ్లు పెట్టడానికి సిద్ధమైపోయాయి. వెన్నెముక జంతువుల్లో ఇంతకంటే వేగంగా యవ్వనానికి వచ్చినది ఇప్పటిదాకా నమోదు కాలేదని 2018లో ప్రచురించారు.

ఇక దీని ఆయుష్షు సంగతి ఎలా బయటపడిందో చెప్పాలి. 1968లో జింబాబ్వేలోని గోనరెజౌ అభయారణ్యంలో, సజాలే అనే మడుగు దగ్గర దీన్ని మొదట సేకరించారు. సేకరించినవారిలో ఒకరైన రిచర్డ్ ఫర్జర్ పేరే దానికి పెట్టారు. తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఇది కేవలం అలంకార చేపలు పెంచేవాళ్ల చేతుల్లోనే బతికింది. వాళ్లు తడి పీట్ మట్టిలో గుడ్లు కలిపి, చిన్న ప్లాస్టిక్ సంచీల్లో పోస్టులో ఒకరికొకరు పంపుకునేవారు. ఏ ప్రయోగశాలా పట్టించుకోని రోజుల్లో ఇంట్లో అక్వేరియంలు పెట్టుకున్నవాళ్లే ఈ వంశాన్ని నిలబెట్టారు. శాస్త్రం వాళ్లకు ఋణపడి ఉంది. 2003లో ఇటలీలో అలాంటి అభిరుచి గల స్టెఫానో వాల్దెసాలిచీ, నాడీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో చెల్లెరీనో కలిసి ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు. మడుగు ఎండటం వల్లే ఈ చేప చస్తోందా? నీళ్లు ఎండకుండా, తిండి తక్కువ కాకుండా చూసుకుంటే ఎంత కాలం బతుకుతుంది? సగం చేపలు తొమ్మిది వారాలకే పోయాయి. 12 వారాలకల్లా దాదాపు ఏమీ మిగల్లేదు. తర్వాత వేరే చోట్ల తిండి మార్చి, చేపల్ని విడివిడిగా పెంచి అదే వంశాన్ని నాలుగు నుంచి ఆరు నెలల దాకా బతికించారు. అంతకు మించి పెద్దగా లాగలేకపోయారు. గడువు మడుగులో కాదు, ఒంట్లోనే ఉందని తేలింది.

చేపకు ముసలితనం అంటే ఎలా ఉంటుంది? యవ్వనంలో మగ చేప చూడముచ్చటగా ఉంటుంది. నీలం ఆకుపచ్చ కలిసిన ఒళ్లు, ప్రతి పొలుసు అంచునా ఎరుపు, తోక కొన్నింటికి పసుపు, కొన్నింటికి ఎరుపు. మూడు నాలుగు నెలలు దాటేసరికి ఆ రంగు వెలిసిపోతుంది. ఒళ్లు చిక్కుతుంది, వెన్ను వంగుతుంది, ఈత మందగించి అడుగునే ఉండిపోతుంది. తెగిన రెక్క చిన్నప్పుడు మళ్లీ పూర్తిగా పెరుగుతుంది, ముసలిదానికి సగంలోనే ఆగిపోతుంది. కోసి చూస్తే కాలేయంలో కణితులు, కణాల్లో లిపోఫ్యూసిన్ అనే పసుపు గోధుమ రంగు చెత్త. మెదడులో కొన్ని నాడీ కణాలు చనిపోతూ కనిపిస్తాయి, పార్కిన్సన్స్ జబ్బులో పేరుకునే ఆల్ఫా సైన్యూక్లిన్ ప్రొటీన్‌తో సహా.

జ్ఞాపకశక్తి పరీక్ష కూడా ఉంది. రెండు గదుల తొట్టెలో చేపను వేస్తారు. ఎర్ర దీపం వెలుగుతుంది, వెంటనే ఆ గదిలో నీళ్లను ఒక కర్రతో కలియబెడతారు. అది చేపకు నచ్చదు, పక్క గదిలోకి పారిపోతుంది. కొన్నిసార్లు అలా చేశాక వయసులో ఉన్న చేప దీపం వెలగ్గానే, కర్ర కదలక ముందే అవతలి గదిలో ఉంటుంది. తొమ్మిది వారాల చేపకు అది సరిగా పట్టుబడదు. దీపం వెలిగినా అక్కడే ఉంటుంది. మన ఇళ్లల్లో తాతయ్యలూ అమ్మమ్మలూ పడే ఇబ్బందులు దాదాపు అన్నీ ఈ చేప మూడు నెలల్లో పడుతుందని తెలిశాక, నేను దాన్ని పరిశోధన వస్తువుగా మాత్రమే చూడలేకపోయాను.

పరిశోధకులకు ఇది ఎందుకు అంత కావాల్సిందో ఈపాటికి మీకే అర్థమై ఉంటుంది. ఎలుక మూడేళ్లు బతుకుతుంది. మన గంగా మైదానపు జీబ్రాఫిష్ కూడా ఇంచుమించు అంతే. ఒక మందు ఆయుష్షు మీద పని చేస్తుందో లేదో ఎలుకల్లో తేల్చాలంటే ఒక పీహెచ్‌డీ కాలం పడుతుంది. ఈగలు, నులిపురుగులు త్వరగా చస్తాయి కానీ వాటికి వెన్నెముక లేదు, మనలాంటి రోగనిరోధక వ్యవస్థ లేదు. కిల్లీఫిష్‌కు అవన్నీ ఉన్నాయి. క్రోమోజోముల కొసల్లో ఉండే టెలోమియర్ల పొడవు కూడా ఎలుక కంటే మనకే దగ్గర. 2015లో దీని జన్యు పటాన్ని స్టాన్‌ఫర్డ్ బృందం, జర్మనీలోని యేనా బృందం వేరువేరుగా పూర్తి చేశాయి. అదే ఏడాది జన్యువుల్ని కోరుకున్నట్టు మార్చే పద్ధతి కూడా సిద్ధమైంది.

ఇప్పుడు ఇందాకటి ప్రశ్నకు వద్దాం. పెద్దయ్యాక శరీరాన్ని ఎందుకు కాపాడుకోదు?

దీనికి జవాబు మొదలుపెట్టినవాళ్లలో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశారు, పౌరసత్వం తీసుకున్నారు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. ఈ విషయం మనవాళ్లలో చాలామందికి తెలియదు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. హాల్డేన్ 1940లలో హంటింగ్టన్స్ జబ్బు గురించి, అంటే మెదడు కణాలు క్రమంగా నాశనమయ్యే వంశపారంపర్య జబ్బు గురించి ఆలోచించారు. అంత భయంకరమైన జన్యు లోపం వంశాల్లో ఎందుకు మిగిలిపోయింది? ఎందుకంటే అది బయటపడేసరికి మనిషికి ముప్ఫై, నలభై ఏళ్లు వస్తాయి. అప్పటికే పిల్లలు పుట్టేసి ఉంటారు. ప్రకృతి వరణానికి దాన్ని ఏరివేసే అవకాశం రాదు. మరో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1951లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో దీన్ని ముసలితనం మొత్తానికి వర్తింపజేశారు. అడవిలో జంతువులు ఎలాగూ ఆకలికో, రోగానికో, వేటకో పోతుంటాయి. వయసు మీరిన దశ దాకా బతికేవి కొన్నే. అందుచేత ఆ దశలో హాని చేసే జన్యువులు ఎవరి కంటా పడకుండా తరం తరం పేరుకుపోతాయి. పండక్కి వీధి గోడకు సున్నం వేసి, ఎవరూ తొంగిచూడని పెరటి గోడను వదిలేసినట్టు.

కిల్లీఫిష్ విషయంలో మడుగు మూడు నాలుగు నెలలకే ఎండిపోతుంది కాబట్టి, ఐదో నెల శరీరం ఎలా ఉంటుందో ప్రకృతి వరణం ఎన్నడూ చూడనే లేదు. గుడ్డును మాత్రం ప్రతి తరమూ చూసింది. ఎండాకాలం దాటలేని గుడ్డుకు వంశం లేదు. గుడ్డుకు అంత రక్షణ, పెద్ద చేపకు అంత నిర్లక్ష్యం ఉండటానికి కారణం ఇదే.

ఇది కేవలం కథ కాదనడానికి ఆధారం ఉంది. జింబాబ్వే వైపు వానలు తక్కువ, మడుగులు త్వరగా ఎండుతాయి. మొజాంబిక్ తీరం వైపు వెళ్లేకొద్దీ వానలు ఎక్కువ, మడుగులు ఎక్కువ కాలం ఉంటాయి. రెండు వైపుల చేపల్నీ తెచ్చి, ఒకే గదిలో, ఒకే తిండితో పెంచితే పొడి ప్రాంతపు చేపలు ముందు ముసలివై ముందు చచ్చాయి. రీషార్డ్ బృందం 2017లో ఇదే పోలిక ఇతర నోతోబ్రాంకియస్ జాతుల్లోనూ చూసింది. 2019లో కొలోన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో దారియో వాలెంజానో బృందం, ఏడాదిలోపే బతికే కిల్లీఫిష్ జాతుల జన్యు సంపదను ఎక్కువ కాలం బతికే దగ్గరి బంధువులతో పోల్చింది. మొదటివాటిలో చెడు మార్పులు బాగా పేరుకుని కనిపించాయి. చిన్న చిన్న మడుగుల్లో కొద్ది చేపలే ఉండటం, ఆ మడుగులు ఒకదానికొకటి దూరంగా ఉండటం కూడా దానికి తోడయ్యాయి.

అయితే అన్నీ ఇంత సాఫీగా ఉండవని కూడా చెప్పాలి. మన మున్సిపాలిటీలవాళ్లు దోమల కోసం కాలువల్లో వదిలే గప్పీ చేపలు మీకు తెలుసు. ట్రినిడాడ్ వాగుల్లో, వేటాడే చేపలు ఎక్కువున్న చోట పెరిగిన గప్పీలు త్వరగా ముసలివవుతాయని సిద్ధాంతం చెబుతుంది. అమెరికన్ జీవశాస్త్రవేత్త డేవిడ్ రెజ్నిక్ 2004లో పరీక్షిస్తే అవే ఎక్కువ కాలం బతికాయి. ముందే చావు ముంచుకొచ్చే చోట ఎవరు చస్తున్నారు, ఎవరు మిగులుతున్నారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. సిద్ధాంతం పనికిరాదని దీని అర్థం కాదు, దాన్ని జాగ్రత్తగా వాడాలి.

చేపల్లో ఆయుష్షు ఎంత సాగుతుందో కూడా ఒక్క మాట. ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో ఎవియోటా సిగిల్లాటా అనే చిన్న గోబీ చేప గరిష్ఠంగా 59 రోజులు బతుకుతుందని 2005లో లెక్కగట్టారు, అదీ చెవి రాయి వలయాలతోనే. ఇటు పసిఫిక్ సముద్రపు రాక్‌ఫిష్‌లలో ఒకే కుటుంబంలో 11 ఏళ్లకే పోయే జాతి ఉంది, 200 ఏళ్లు దాటే జాతీ ఉంది. ఆయుష్షు మారగలదనడానికి అంతకంటే ఏం కావాలి?

ఇక మనుషులందరికీ ఆసక్తి ఉండే భాగం. ఈ గడువును జరపవచ్చా? జరపవచ్చని చాలా ప్రయోగాలు చెప్పాయి. నీటి వేడి 25 డిగ్రీల నుంచి 22కు తగ్గిస్తే ఎక్కువ కాలం బతికాయి. 2006లో, ద్రాక్ష తొక్కలో దొరికే రెస్వెరట్రాల్ అనే పదార్థాన్ని ఎక్కువ మోతాదులో తిండిలో కలిపి పెడితే మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం చేపలు పోయేనాటి వయసు, సగానికి పైగా పెరిగింది, ఎర్ర దీపం పరీక్షలోనూ మెరుగ్గా చేశాయి. 2017లో వాలెంజానో బృందం ఇంకా విచిత్రమైనది చేసింది. నడివయసు చేపల పేగుల్లోని బాక్టీరియాను యాంటీబయాటిక్‌లతో తుడిచేసి, ఆరు వారాల వయసు చేపల పేగుల్లో ఉన్నదాన్ని ఆ నీళ్లలో కలిపారు. అలా కుర్ర బాక్టీరియా అందుకున్న చేపలు ఎక్కువ కాలం బతికాయి, ఎక్కువ చురుగ్గా తిరిగాయి. తమ వయసు చేపల బాక్టీరియా ఇచ్చినవాటికి ఆ లాభం రాలేదు.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. 2006 నాటి ఫలితాలు రాగానే రెస్వెరట్రాల్ మాత్రలు ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. తర్వాత అమెరికాలో మూడు వేర్వేరు కేంద్రాల్లో, మామూలు తిండి తినే ఎలుకలకు ఇచ్చి పరీక్షిస్తే ఆయుష్షు పెరగలేదు. చేపలో వచ్చిన ఫలితం చేపకే. అది మనిషి దాకా రావాలంటే మధ్యలో చాలా మెట్లున్నాయి. మీ నాన్నగారి ఫోనుకు ఎవరైనా "యవ్వనం తిరిగొచ్చే మాత్ర" అని ఫార్వర్డ్ పంపితే, ఏ జంతువులో, ఎంత మోతాదులో, ఎవరు మళ్లీ చేసి చూశారు అని అడగండి. పెన్షన్ డబ్బుతో అలాంటి డబ్బాలు కొంటున్న పెద్దవాళ్లను చూస్తుంటే నాకు బాధేస్తుంది.

చివరగా, నన్ను ఇప్పుడు ఎక్కువ ఆలోచింపజేస్తున్న సంగతి. ఈ మధ్య వచ్చిన ఫలితాల్లో మగ చేపకూ ఆడ చేపకూ పొంతన కుదరడం లేదు. స్టాన్‌ఫర్డ్‌లో యంత్రాలతో తిండి కొలిచి, సమయం ప్రకారం తగ్గించి పెట్టారు. మగవి ఎక్కువ కాలం బతికాయి, ఆడవాటికి తేడా రాలేదు. జెరూసలేంలో ఇటమార్ హారెల్ బృందం 2023లో, కణాల శక్తి లెక్కలతో సంబంధమున్న ఏపీఆర్‌టీ అనే జన్యువు రెండు ప్రతుల్లో ఒకదాన్ని పనిచేయకుండా చేసింది. మళ్లీ మగవాటికే లాభం. జపాన్‌లోని ఒసాకా బృందం 2024లో బీజ కణాలే, అంటే గుడ్లుగా, వీర్యకణాలుగా మారే కణాలే లేకుండా చేపల్ని పెంచింది. మగవాటి ఆయుష్షు పెరిగింది, ఆడవాటిది తగ్గింది. రోజూ గుడ్లు తయారుచేసే శరీరం శక్తిని పంచుకునే తీరు వేరుగా ఉండటం ఒక కారణం కావచ్చు. అంతటితో సరిపోతుందని నేను అనుకోను. మనుషుల్లో ఆడవాళ్లు సగటున ఎక్కువ కాలం బతుకుతారు, కానీ ఎక్కువ కాలం జబ్బులతో బతుకుతారు. ఇన్నేళ్లుగా చాలా జీవశాస్త్ర ప్రయోగాలు మగ జంతువుల మీదే జరిగాయి. ఈ చేపలో ఆడ, మగ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒక్క ఏడాదిలో రెండు తరాల ముసలితనం చూడవచ్చు. ఎమ్మెస్సీ తర్వాత ఏం చేయాలని టెన్షన్ పడుతున్న అమ్మాయిలు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆడ చేప ఎందుకు స్పందించడం లేదన్నది ఇంకా ఎవరూ తేల్చని ప్రశ్న. దానికి కావలసింది కొన్ని తొట్టెలు, ఓపిక, మంచి గణాంకాలు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరుసవాళ్లకు మైకు అందిస్తారు.